స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరిపడితే అమ్మ వెన్నుపూస నలిగింది. ఎముకలు గుల్లబారిన ఇళ్లవాళ్లు కాస్త చెప్పండి

సంపెంగ
ఫిబ్రవరి 3, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇన్నాళ్లూ చదవడమే కానీ రాయడం ఇదే మొదలు.

మా అమ్మకి 62 ఏళ్లు. తను గాజువాకలో, నేను ఎంవీపీ కాలనీలో. డిసెంబరులో మా ఇంటికి వస్తూ బస్సులో వెనక సీట్లో కూర్చుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర బస్సు నెమ్మదించలేదు. అమ్మ సీటు మీంచి జానెడు పైకి లేచి కూలబడింది. అంతే. కింద పడలేదు, ఒంటి మీద గీత కూడా పడలేదు. నడుం పట్టేసిందంది. దగ్గర్లో ఒక ఆసుపత్రిలో చూపిస్తే కండరం బెణికిందని పూత మందు, నొప్పి మాత్రలు ఇచ్చి పంపించారు. ఎక్స్‌రే తీయలేదు. మేమూ అడగలేదు. ఐదు వారాలు ఆ మాత్రలతోనే గడిచాయి. మంచం మీంచి లేవాలంటే గోడ పట్టుకుని కేక పెట్టేది. చివరికి వేరే డాక్టర్ గారు ఎక్స్‌రే తీయిస్తే నడుం పైభాగంలో ఎల్1 పూస ముందు వైపు నలిగి, కేకు ముక్కలా ఒక పక్క సన్నబడిపోయి ఉంది.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టీ స్కోర్ (సున్నా కంటే ఎంత కిందకి పోతే ఎముక అంత పలచన) వెన్నుకి -3.1, తుంటికి -2.4. విటమిన్ డి 14. ఏడాదికొకసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇద్దామన్నారు. యాసిడ్ అన్న మాట చెవిన పడగానే అమ్మ బిగుసుకుపోయింది. "బాత్రూం కడిగేది నా ఒంట్లోకి ఎక్కిస్తారా" అని ఒకటే గొడవ.

ఇంకొక సంగతి. ఏడాది నుంచీ "ఈమధ్య చీరలు పన్నా ఎక్కువ పెట్టి నేస్తున్నారే, కుచ్చిళ్లు నేల ఊడుస్తున్నాయి" అంటుంటే మేం నవ్వేవాళ్లం. మొన్న గోడకి నిలబెట్టి కొలిచాం. పదేళ్ల కిందటి థైరాయిడ్ ఫైల్లో రాసిన ఎత్తు కంటే 5 సెంటీమీటర్లు తక్కువ ఉంది. చీరలు పెరగలేదు, అమ్మే తగ్గింది.

ఆ ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లు ఉన్నారా? తిండి ఏం పెట్టాలి? ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తానని మొక్కుకుంది. 32 కిలోమీటర్లు! ఇది ఆలోచిస్తేనే నాకు టెన్షన్‌గా ఉంది.

ఉక్కు_బాబాయ్
ఫిబ్రవరి 3, రాత్రి 10:15

అమ్మాయీ, ముందు కంగారు తగ్గించుకో. నాకు 71, స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాను. ఈ జబ్బు ఆడవాళ్లదే అనుకునేవాణ్ణి. ఆయాసానికి ఏళ్ల తరబడి ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మింగాను కదా, అది లోపల్లోపల ఎముకని తినేసింది. దగ్గితే పక్కటెముక విరిగింది. దగ్గితే!

యాసిడ్ సంగతి అమ్మగారికి ఇలా చెప్పు. నిమ్మకాయలో ఉన్నదీ యాసిడే, సి విటమిన్ పేరు ఆస్కార్బిక్ యాసిడ్. అది రసాయనం పేరు, బాత్రూం సీసా కాదు.

నాకు అర్థమైన రీతిలో ఎముక కథ చెబుతాను. ఫర్నేస్ లోపల ఇటుకల లైనింగ్ ఉంటుంది. అరిగిన ఇటుకలు తీసే గ్యాంగ్ ఒకటి, కొత్తవి పెట్టే గ్యాంగ్ ఒకటి. ఎముకలోనూ అంతే, జీవితాంతం తీయడం పెట్టడం సాగుతూనే ఉంటుంది. బహిష్టులు ఆగిపోయాక తీసే గ్యాంగ్ ఓవర్‌టైం చేస్తుంది, పెట్టే గ్యాంగ్ అందుకోలేదు. జోలెడ్రోనిక్ తీసే గ్యాంగ్‌ని కట్టడి చేస్తుంది. మూడుసార్లు వేయించుకున్నాను. మొదటిసారి రాత్రికి జ్వరం, ఒళ్లంతా రోకటితో దంచినట్టు నొప్పులు. రెండు రోజుల్లో పోయాయి. రెండోసారి, మూడోసారి ఏమీ లేదు.

మందులషాపు_మూర్తి
ఫిబ్రవరి 3, రాత్రి 10:51

బాబాయ్ గారు చెప్పింది సరే. కొన్ని వివరాలు కలుపుతాను. నేను ఫార్మసిస్ట్‌ని, డాక్టర్‌ని కాదు.

ఆ మందు ఎక్కించే ముందు మూడు చూసుకోవాలి. కిడ్నీ పరీక్ష (క్రియాటినిన్) బాగుండాలి. రక్తంలో కాల్షియం, విటమిన్ డి సరిపడా ఉండాలి. మీ అమ్మగారికి డి 14 అంటున్నారు, 20 కంటే తక్కువంటే లోపమే. సాధారణంగా ముందు అది నింపాకే ఎక్కిస్తారు, లేకపోతే కాల్షియం ఒక్కసారిగా పడిపోవచ్చు. మూడోది పళ్లు. పీకించాల్సిన పన్ను ఏదైనా ఉంటే ముందే పీకించేసి, చిగురు మానాక వేయించుకోండి. దవడ ఎముక మానకపోవడం అనే సమస్య ఈ డోసుల్లో చాలా అరుదు, కానీ తప్పించుకోగలిగినప్పుడు తప్పించుకోవాలి కదా.

ఎక్కించడానికి కనీసం 15 నిమిషాలు. ఆ రోజు నీళ్లు బాగా తాగించండి. పారాసెటమాల్ ఎలా వాడాలో డాక్టర్ గారిని ముందే అడిగి పెట్టుకోండి.

అన్నట్టు థైరాయిడ్ ఫైల్ అన్నారు. అమ్మగారు థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర ఎప్పుడెప్పుడు వేసుకుంటున్నారు?

సంపెంగ
ఫిబ్రవరి 4, ఉదయం 6:30

మూర్తి గారూ, పొద్దున్నే పరగడుపున థైరాయిడ్, పావుగంటకి టిఫిన్‌తో కాల్షియం. ఏం, తప్పా?

మందులషాపు_మూర్తి
ఫిబ్రవరి 4, ఉదయం 8:05

తప్పే. కాల్షియం కడుపులోనే థైరాయిడ్ మందుని పట్టేసుకుంటుంది. రెండింటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్రలూ కాల్షియంతో కలిపి వేసుకోకూడదు. కాల్షియం మధ్యాహ్నం భోజనంతోనో రాత్రి భోజనంతోనో మార్చండి.

కాల్షియం కార్బొనేట్ అయితే అన్నంతో పాటే వేసుకోవాలి, దానికి కడుపులో ఆమ్లం కావాలి. గ్యాస్ మాత్రలు రోజూ మింగేవాళ్లకి కార్బొనేట్ సరిగ్గా ఒంటబట్టదు, వాళ్లకి సిట్రేట్ నయం. స్ట్రిప్ మీద 1250 అని ఉంటే మురిసిపోవద్దు. అది కార్బొనేట్ బరువు. అందులో అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములే. ఒక్కసారి 500 కంటే ఎక్కువ వేసుకున్నా పెద్దగా ఒంటబట్టదు, అందుకే విడగొట్టి ఇస్తారు.

గాలివాన
ఫిబ్రవరి 4, ఉదయం 11:20

అందరూ ఇంగ్లీషు మందులే చెబుతున్నారు. మా నాయనమ్మ 88 ఏళ్లు బతికింది, ఏ స్కానూ తీయించలేదు. నల్లేరు పచ్చడి తినేది, తమలపాకులో సున్నం వేసుకునేది. గోధుమ గింజంత సున్నం పెరుగులో కలిపి ఇస్తే ఎముక ఉక్కవుతుంది. డెక్సాలు, ఇంజెక్షన్లు అన్నీ వ్యాపారం.

చోడి_అంబలి
ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 1:10

గాలివాన గారూ, మా నాయనమ్మా సున్నం తినేది. ఆవిడ గూని మీకు గుర్తు లేదేమో, నాకు గుర్తుంది. చివరి పదేళ్లు నేల చూసుకుంటూనే నడిచింది. అప్పట్లో దాన్ని ముసలితనం అన్నాం. పూసలు ఒక్కొక్కటే నలిగి అలా అవుతుందని ఇప్పుడు తెలుస్తోంది.

నల్లేరు పచ్చడి నాకూ ఇష్టమే. లేత కాడలు కోసేటప్పుడు చేతులకి నూనె రాసుకోవాలి, లేకపోతే దురద చంపేస్తుంది. చింతపండు వేసి బాగా మగ్గనివ్వాలి. విరిగిన ఎముకలకి దాన్ని పూర్వం నుంచీ వాడుతున్న మాటా నిజమే. కానీ -3.1 స్కోరుకి పచ్చడితో సరిపెట్టేస్తే ఎలా? ఇది నల్లేరు మీద బండి నడక కాదండీ.

సంపెంగ, తిండి సంగతి నేను చెబుతాను. మాది పాడేరు వైపు. మా దగ్గర రాగుల్ని చోళ్లు అంటాం. వంద గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో దాదాపు ఏమీ ఉండదు. అయితే గ్లాసు అంబలికి పట్టేది 30 గ్రాముల పిండే, అంటే 100 మిల్లీగ్రాములు. "రాగి జావ తాగుతున్నాను, ఇంకేం అక్కర్లేదు" అనేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) వాళ్లు 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకి రోజుకి 1000, బహిష్టులు ఆగినవాళ్లకి 1200 మిల్లీగ్రాములు కావాలి.

మా అత్తగారికి నేను పెట్టేది ఇది. పొద్దున చోడి అంబలిలో గ్లాసు మజ్జిగ. మధ్యాహ్నం గిన్నెడు పెరుగు. సాయంత్రం గ్లాసు పాలు. నువ్వుల పొడి రెండు చెంచాలు, పొట్టు తీయని నువ్వులైతేనే. పొట్టులోనే ఎక్కువ కాల్షియం ఉంటుంది, తెల్లగా పాలిష్ చేసినవి కొంటే రుచే మిగులుతుంది. వారానికి మూడుసార్లు మునగాకు పప్పు. పాలకూరలోనూ కాల్షియం ఉంది కానీ అందులోని ఆక్సలేట్ దాన్ని వదలదు, అందుకని దాన్ని లెక్కలోకి తీసుకోకండి. పప్పు, గుడ్డు తగ్గించొద్దు. ఎముకకి మాంసకృత్తులూ కావాలి, కండ లేకపోతే మనిషి తూలి పడతాడు.

భీమిలి_మనవడు
ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 2:25

అక్కా, నెత్తళ్లు మర్చిపోయావు! ముల్లుతో సహా నమిలి తినేసేవే కదా, కాల్షియం అంతా ఆ ముల్లులోనే. వంజరం ముక్క తింటే ఆ లాభం లేదు, ముల్లు పక్కన పెట్టేస్తాం. ఎండు నెత్తళ్లయితే ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు చూసుకోవాలి.

సంపెంగ
ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 2:40

మేం చేపలు తినం భీమిలి గారూ. అయినా మీ వర్ణనకి అమ్మకి తప్ప ఇంట్లో అందరికీ నోరూరింది.

ఫిజియో_మాధవి
ఫిబ్రవరి 4, రాత్రి 9:00

సంపెంగ గారూ, నేను ఫిజియోథెరపిస్ట్‌ని. తిండి, మందు సరే. అమ్మగారు ఇల్లు ఊడుస్తున్నారా? ముగ్గు వేస్తున్నారా? యూట్యూబ్ చూసి యోగా చేస్తున్నారా?

సంపెంగ
ఫిబ్రవరి 4, రాత్రి 9:12

మూడూ చేస్తోందండి. నొప్పి కాస్త తగ్గాక మళ్లీ పొద్దున్నే సూర్య నమస్కారాలు మొదలెట్టింది. మంచిదే కదా అని ఊరుకున్నాను.

ఫిజియో_మాధవి
ఫిబ్రవరి 4, రాత్రి 9:48

రేపటి నుంచి ఆపించండి. నడుం ముందుకి వంచే ప్రతి పనిలో బరువంతా పూస ముందు అంచు మీద పడుతుంది. అమ్మగారి పూస నలిగింది అక్కడే. 1984లో అమెరికాలో మేయో క్లినిక్ అనే ఆసుపత్రి వాళ్లు ఒక అధ్యయనం చేశారు. చిన్నదే, 59 మంది ఆడవాళ్లు. ముందుకి వంగే వ్యాయామాలు చేసినవాళ్లలో 89 శాతం మందికి మళ్లీ పూసలు నలిగాయి. వెన్ను వెనక్కి నిటారుగా సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్లలో 16 శాతం. ఆ తేడా చూశాక నేను కాళ్లు చాపి ముందుకి వంగే పశ్చిమోత్తానాసనం అన్న పేరు వింటేనే ఉలిక్కిపడతాను. యోగా చెడ్డది అనడం లేదు. నిలబడి చేసేవి, బ్యాలెన్సువి, వెన్ను నిటారుగా ఉంచేవి నేర్చుకున్నవాళ్ల ఎదుట చేయొచ్చు.

ఇంట్లో మార్చాల్సినవి. చీపురు పొడుగు కర్రది కొనండి. ముగ్గు పీట మీద కూర్చుని, చేతికి అందినంత మేరే. మంచం మీంచి నేరుగా లేవకూడదు: పక్కకి ఒత్తిగిల్లాలి, కాళ్లు మంచం దింపాలి, చేత్తో నెట్టుకుంటూ లేవాలి. బకెట్ ఎత్తాలంటే దాని దగ్గరికి వెళ్లి, మోకాళ్లు వంచి, ఒంటికి ఆనించుకుని లేవాలి. సగం బకెట్ చాలు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ముట్టుకోనే వద్దు. బస్సులో వెనక చక్రాల మీద, వెనక సీట్లో ఇంకెప్పుడూ కూర్చోనివ్వకండి. ఆ కుదుపుకి నలిగిన పూసలు నేను చాలానే చూశాను.

వ్యాయామం అంటే నడక ఒక్కటే అనుకుంటారు. నడక గుండెకి మంచిది, ఎముకకి మాత్రం అది సరిపోదు. ఎముకకి బరువు తెలియాలి. మొదట నేను ఇచ్చేవి చిన్నవి. ఎత్తైన కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేవడం. గోడకి రెండు చేతులూ ఆనించి నెట్టడం. వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడడం. కుక్కర్ మూడు విజిల్స్ వచ్చేలోపు రెండు కాళ్లకీ అయిపోతుంది. కొన్ని వారాలయ్యాక మనిషిని చూసి బరువులు పెంచుతాం. ఆస్ట్రేలియాలో బహిష్టులు ఆగిన, ఎముకలు పలచబడ్డ ఆడవాళ్ల చేత వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు పెద్ద బరువులు ఎత్తించారు. వెన్నులో ఎముక సాంద్రత పెరిగింది. కానీ అక్కడ ప్రతిసారీ శిక్షకులు పక్కనే ఉన్నారు. పూస కొత్తగా నలిగినవాళ్లు అలాంటివి సొంతంగా మొదలుపెట్టకూడదు.

ఉక్కు_బాబాయ్
ఫిబ్రవరి 5, ఉదయం 7:40

కుక్కర్ లెక్క బాగుంది మాధవీ. మా ఆవిడ ఇవాళ నన్ను వంటింట్లో కొంగలా నిలబెట్టింది.

నాదో సందేహం. నా వెన్ను స్కోర్ -1.2, తుంటి స్కోర్ -2.7. ఒకే మనిషికి ఇంత తేడా ఏమిటి?

ఫిజియో_మాధవి
ఫిబ్రవరి 5, ఉదయం 8:20

వయసు మీద పడ్డ వెన్నులో పూసల అంచులకి ఎముక ముళ్లు మొలుస్తాయి బాబాయ్ గారూ. మెషీన్ వాటినీ కలిపి లెక్కేస్తుంది, స్కోర్ బాగున్నట్టు కనిపిస్తుంది. రెండిట్లో తక్కువది చూసే నిర్ణయిస్తారు. -1 దాకా మామూలు, -1 నుంచి -2.5 మధ్య ఆస్టియోపీనియా (ఎముక పలచబడడం), -2.5 గానీ అంతకంటే కిందకి గానీ వస్తే ఆస్టియోపోరోసిస్ (ఎముక గుల్లబారడం). సంపెంగ వాళ్లమ్మగారిలా చిన్న కుదుపుకే పూస నలిగితే, స్కోర్ ఎంతున్నా ఆస్టియోపోరోసిస్ కిందే లెక్క.

నల్గొండ_నీళ్లు
ఫిబ్రవరి 5, ఉదయం 10:02

మా వైపు సంగతి ఇంకా విచిత్రం. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మా పెద్దవాళ్లకి స్కాన్ తీస్తే ఎముక మామూలు కంటే చిక్కగా కనిపిస్తుంది. చిక్కగా ఉన్నా పెళుసు. కాబట్టి స్కోర్ ఒక్కటే చూసి సంబరపడటానికి లేదు. బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లు ఆ మాట డాక్టర్‌కి చెప్పండి.

అరుణ_అక్కయ్యపాలెం
ఫిబ్రవరి 5, ఉదయం 11:35

ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. నాకిప్పుడు 47, స్కోర్ -2.8. 34 ఏళ్లకే మా ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్‌లో గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అని వెళ్తే "ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుంది" అన్నారు. అండాశయాలూ తీసేశారని డిశ్చార్జ్ కాగితం చదివించుకుంటే తెలిసింది, అదీ ఏడేళ్లకి. అంటే 34కే నా ఒంట్లో ఎముకని కాపాడే ఈస్ట్రోజన్ హార్మోన్ పడిపోయింది. ఎముక గురించి ఒక్కరూ ఒక్క ముక్క చెప్పలేదు. మన రాష్ట్రంలో ఈ ఆపరేషన్లు ఎంత ఎక్కువో మీకందరికీ తెలుసు. మీ ఇళ్లల్లో చిన్న వయసులో ఆపరేషన్ అయిన అక్కచెల్లెళ్లు ఉంటే ఆ కాగితాలు తీయించి చదివించండి. అరవై వచ్చేదాకా ఆగక్కర్లేదు.

సంపెంగ
ఫిబ్రవరి 5, మధ్యాహ్నం 12:10

అరుణ గారూ, చదివి చాలాసేపు ఏమీ తోచలేదు. మా పిన్నికీ అలాగే జరిగింది. ఇప్పుడే ఫోన్ చేశాను.

వాకింగ్_వాసు
ఫిబ్రవరి 5, సాయంత్రం 5:50

విటమిన్ డి కోసం నేను రోజూ ఐదున్నరకల్లా ఆర్.కె. బీచ్‌లో ఉంటాను. రెండేళ్లుగా ఒక్కరోజు తప్పలేదు. అయినా మొన్న టెస్టులో 16 వచ్చింది. ల్యాబ్ తప్పేమో?

మందులషాపు_మూర్తి
ఫిబ్రవరి 5, సాయంత్రం 6:30

ల్యాబ్ తప్పు కాదు వాసు గారూ, సూర్యుడి తప్పు. చర్మంలో డి తయారవాలంటే యూవీబీ కిరణాలు కావాలి. సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు అవి గాలిలోనే వడగట్టుకుపోతాయి. సముద్రంలోంచి ఎర్రగా పైకొచ్చే సూర్యుడు ఫోటోకి బాగుంటాడు, ఎముకకి కాదు. నీడ మన ఎత్తు కంటే పొట్టిగా పడే వేళ, అంటే పది దాటాక మూడింటి లోపు, ముఖం చేతులు కాసేపు ఎండకి చూపించాలి. విశాఖ ఎండలో వయసు మళ్లినవాళ్లని ఎక్కువసేపు నిలబెట్టకండి.

లోపం ఉంటే 60,000 యూనిట్లది వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు రాస్తారు. వారానికొకటి! రోజుకొకటి అనుకుని డబ్బా అంతా తాగేసిన ఒక పెద్దాయన్ని చూశాను. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మాట తడబాటు, ఆసుపత్రి. ఊరికే నీరసంగా ఉందని డి ఇంజెక్షన్లు వేయించుకునేవాళ్లకీ ఇదే మాట.

సముద్రపు గవ్వల కాల్షియం, పగడాల కాల్షియం అని ఖరీదైన డబ్బాలు అమ్ముతున్నారు. గవ్వ అంటే కాల్షియం కార్బొనేటే. తేడా అంతా డబ్బాలో ఉంది.

పద్మ_సీతమ్మధార
ఫిబ్రవరి 5, రాత్రి 8:15

మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారం ఉచిత ఎముకల క్యాంపు పెట్టారు. మడమ మెషీన్‌లో పెట్టించి చీటీ ఇచ్చారు. నాకు ఎర్ర రంగు వచ్చింది. అక్కడే పౌడర్ డబ్బా కూడా కొనిపించారు. ఏం చేయాలి?

ఉక్కు_బాబాయ్
ఫిబ్రవరి 5, రాత్రి 8:40

డబ్బా పక్కన పెట్టమ్మా. మడమ మెషీన్ అనుమానం చెప్పడానికే, జబ్బు తేల్చడానికి కాదు. ఆ చీటీ పట్టుకెళ్లి డాక్టర్‌ని అడుగు, అవసరమంటే వెన్ను, తుంటి డెక్సా రాస్తారు.

డల్లాస్_అమ్మమ్మ
ఫిబ్రవరి 6, ఉదయం 9:30

నా కథ చెబితే ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. మాది మధురవాడ. నాకు ఆరు నెలలకొకసారి పొట్ట దగ్గర చర్మం కింద వేసే డెనోసుమాబ్ పెట్టారు. నొప్పి లేదు, జ్వరం లేదు, హాయిగా ఉంది. నాలుగు డోసులయ్యాయి. అంతలో మా అమ్మాయి కాన్పుకి డల్లాస్ వెళ్లాను. వెళ్లేముందు ఆవకాయ, కారప్పొడి, పసిబిడ్డకి ఉంగరం అన్నీ సర్దుకున్నాను. ఇంజెక్షన్ ఒక్కటి మర్చిపోయాను. అక్కడ అడిగితే ఇన్సూరెన్స్ వర్తించదన్నారు. "వెళ్లాక వేయించుకుందాంలే, నాలుగు నెలలు ఆలస్యమైతే ఏమవుతుంది" అనుకున్నాను.

ఆ మందు ఆపితే ఎముక కరగడం మామూలు కంటే వేగంగా మొదలవుతుందట. డోసు తేదీ దాటి నాలుగో నెలలో, మనవరాలిని స్నానానికి ఎత్తుకోబోయాను. వెన్నులో ఏదో కలుక్కుమంది. ఎంఆర్ఐలో మూడు పూసలు. ఒకేసారి మూడు. పసిదాన్ని జారవిడవకుండా మంచం మీద పడుకోబెట్టగలిగాను, అదొక్కటే ఆ రోజు నేను చేసిన మంచి పని.

ఆ ఇంజెక్షన్ చెడ్డదని కాదు. మొదలుపెట్టాక తేదీ తప్పకూడదు. ఆపాలనుకుంటే దాని బదులు ఇంకో మందు వెంటనే పెట్టాలి. ఈ మాట మొదటి డోసు రోజే నాకు ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది. ఇప్పుడు రోజూ బొడ్డు పక్కన టెరీపరటైడ్ వేసుకుంటున్నాను. అది ఇటుకలు పెట్టే గ్యాంగ్‌ని లేపే మందు, బాబాయ్ గారి భాషలో. ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి, మామూలుగా రెండేళ్లకి మించి వాడరు. అయ్యాక మళ్లీ కాపాడే మందు తప్పదట.

గాలివాన
ఫిబ్రవరి 6, ఉదయం 10:15

చూశారా, ఇందుకే నేను వద్దన్నది.

డల్లాస్_అమ్మమ్మ
ఫిబ్రవరి 6, ఉదయం 10:40

బాబూ, నా పూసలు విరిగింది మందు వేసుకున్నందుకు కాదు, మానేసినందుకు.

భీమిలి_మనవడు
ఫిబ్రవరి 6, రాత్రి 9:20

మా మామ్మ విషయం కూడా రాస్తాను. భీమిలి దగ్గర బెస్తపల్లె. అడ్డ పొగ తాగేది, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. బయటివాళ్లకి వింతగా ఉంటుంది కానీ మా తీరంలో ఆ తరం ఆడవాళ్లకి మామూలే. ఆ పొగ అంగిలిని పాడు చేస్తుందని అందరికీ తెలుసు, పొగ ఎముకనీ తింటుందని తుంటి విరిగాకే విన్నాం.

రాత్రి రెండింటికి లేచి బయట మరుగుదొడ్డికి వెళ్తూ గడప దగ్గర నాచు మీద జారింది. తుంటి. ఆపరేషన్ బాగానే జరిగింది, మూడో రోజే నిలబెట్టారు. కానీ మంచం పట్టిన మనిషి మళ్లీ పూర్తిగా లేవలేదు, ఎనిమిది నెలలకి పోయింది. ఆ గడప దగ్గర ఇప్పుడు బల్బు వేయించాం, గోడకి ఇనుప పట్టీ బిగించాం. అంతా కలిపి ఒక పూట పని. దానికి ముందు ఇరవై ఏళ్లు ఎవరికీ తోచలేదు.

సంపెంగ గారూ, ఇవాళే మీ బాత్రూంలో చెయ్యి పట్టుకునే రాడ్ బిగించండి. టవల్ రాడ్ కాదు, మనిషి బరువు ఆపేది.

సంపెంగ
ఫిబ్రవరి 7, రాత్రి 10:05

బిగించాం భీమిలి గారూ. రాత్రిపూట వెలిగే చిన్న లైటు కూడా పెట్టాం. మడతపడే డోర్ మ్యాట్ తీసేస్తుంటే "అది నా పెళ్లినాటి లంగా చింపి కుట్టింది" అని అమ్మ గొడవ. సోఫా మీద పరిచాం.

అమ్మకి ఇంకా భయం పోలేదు. ఇంటర్నెట్లో తొడ ఎముక విరుగుతుందని చదివింది.

మందులషాపు_మూర్తి
ఫిబ్రవరి 7, రాత్రి 10:50

అది అబద్ధం కాదు, అలాగని ముందే హడలిపోవాల్సిందీ కాదు. ఈ కోవ మందులు చాలా ఏళ్లు ఆపకుండా వాడినవాళ్లలో అరుదుగా తొడ ఎముక అడ్డంగా విరుగుతుంది. విరిగేముందు చాలామందికి వారాల తరబడి తొడలోనో గజ్జల్లోనో సన్నగా నొప్పి వస్తుంది. అది వస్తే చెప్పాలి. అందుకే ఏడాదికొకసారిదైతే మూడేళ్లకి, వారం మాత్రలైతే ఐదేళ్లకి ఆగి, మళ్లీ చూసి, కొందరికి విరామం ఇస్తారు. రెండో పక్క చూడండి. 2007లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో ఈ ఇంజెక్షన్ వేసినవాళ్లకి మూడేళ్లలో పూసలు నలగడం 70 శాతం, తుంటి విరగడం 41 శాతం తగ్గింది. అమ్మగారికి పూస ఇప్పటికే నలిగింది, రెండోది నలిగే అవకాశం మామూలు వాళ్ల కంటే చాలా ఎక్కువ. త్రాసులో రెండు పళ్లేలూ చూడాలి కదా.

ఇంజెక్షన్ అసలే వద్దంటే వారానికొక మాత్ర, అలెండ్రొనేట్ 70 ఉంది. నియమం గట్టిది. పరగడుపున, పెద్ద గ్లాసు మంచినీళ్లతో, కాఫీతో కాదు. తర్వాత అరగంట కూర్చునో నిలబడో ఉండాలి, నడుం వాల్చకూడదు, అన్నవాహికలో పుండు పడుతుంది. మీ అమ్మగారికి పరగడుపున థైరాయిడ్ కూడా ఉంది, కాబట్టి ఆ రోజు రెండూ ఎలా సర్దాలో డాక్టర్‌నే అడగాలి.

సంపెంగ
మార్చి 29, సాయంత్రం 4:30

చాలా రోజులైంది, ఏమనుకోకండి. డి 34కి వచ్చింది. కదిలే పన్ను ఒకటి పీకించాం, మూడు వారాలు ఆగాం. మిగతా కారణాలేమైనా ఉన్నాయేమోనని పారాథైరాయిడ్ హార్మోన్, మైలోమా (ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్) పరీక్షలు కూడా చేశారు, అన్నీ మామూలే. గురువారం ఎక్కించారు. అరగంట కూడా పట్టలేదు. అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని లలితా సహస్రం చదువుతూ కూర్చుంది. సగంలో ఉండగానే సీసా అయిపోయింది. "అంతేనా?" అంది, కాస్త నిరుత్సాహంగా.

రాత్రికి 101 జ్వరం, ఒళ్లు నొప్పులు. బాబాయ్ గారు చెప్పినట్టే. శనివారం లేచి చోడి అంబలి తనే కాచుకుంది.

ఉక్కు_బాబాయ్
మార్చి 29, సాయంత్రం 5:10

భేష్! మరి గిరి ప్రదక్షిణ?

సంపెంగ
మార్చి 29, సాయంత్రం 5:25

దాని గురించి ఇంట్లో చర్చలు సాగుతున్నాయి. మాధవి గారి దగ్గరికి వారానికి రెండుసార్లు వెళ్తున్నాం. ఆవిడ ఈ ఏడు ససేమిరా అన్నారు. అప్పన్న స్వామి పేరు చెప్పి అమ్మ బేరం ఆడుతోంది.

సంపెంగ
జూలై 12, ఉదయం 9:15

గిరి ప్రదక్షిణ రాత్రి ఎలా గడిచిందో చెప్పమని ముగ్గురు మెసేజ్ పెట్టారు.

నడవలేదు. దారి మా ఎంవీపీ మీంచే కదా, మా వీధి చివర మజ్జిగ పంచే బల్ల దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టాం. పది నిమిషాలు కూర్చుంది. తర్వాత లేచి నిలబడి రాత్రి పదకొండు దాకా గ్లాసులు అందించింది. మధ్యలో బిందె ఖాళీ అయితే నిండు బిందె ఎత్తబోయింది. నేను అరిచేలోపే ఆగి, పక్కనున్న కుర్రాణ్ణి పిలిచి, "నాన్నా, దగ్గరికెళ్లి మోకాళ్లు వంచి ఎత్తు" అని వాడికి పాఠం చెప్పింది. జిమ్‌కి వెళ్లే వాడు వాడు.

తగ్గిన ఎత్తు మళ్లీ రాదన్నారు డాక్టర్ గారు. చీరలకి ఫాల్ రెండంగుళాలు పైకి మడిచి కుట్టించాం, నిన్న కట్టుకున్నది అదే.

చోడి_అంబలి
జూలై 12, ఉదయం 9:50

మా పెద్దాడు నిన్న నడిచాడు. ఎంవీపీలో ఒక ముసలావిడ మజ్జిగ ఇస్తూ "నిటారుగా నడువు బాబూ" అందని చెప్పాడు. మీ అమ్మగారేనా?

సంపెంగ
జూలై 12, ఉదయం 9:58

అనుమానం అక్కర్లేదు.

ఉక్కు_బాబాయ్
జూలై 12, ఉదయం 11:20

ఆ బల్ల దగ్గర నేనూ రెండు గ్లాసులు తాగాను. నడవలేదు, మనవడి స్కూటర్ మీద చూడ్డానికి వచ్చాను. మజ్జిగలో అల్లం సరిపోయింది, ఉప్పు కాస్త తగ్గింది. అమ్మగారికి చెప్పు.